వెచ్చటి సైలెన్సర్

మావారి పాత స్పోర్ట్స్ కారులో రెండే సీట్లు. ఒకదాంట్లో ఆయన, రెండోదాంట్లో నేనూ చలీ సర్దుకుంటాం. "కాళ్లు కొంకర్లు పోతున్నాయండీ" అంటే రోడ్డు వంక చూసి నవ్వుతారు. నామీద అంత దయ.

అందుకే సైలెన్సర్ తుప్పుపట్టి ఊడిపోతే నేనేమీ బాధపడలేదు. ఆ కారులో హీటరుకు వేడి దాని నుంచే రావాలి, కొత్తది వేస్తే నా కాళ్లకూ వెచ్చదనం దక్కుతుంది.

మెకానిక్ రెండు రకాలు తెచ్చి ఉంచాడు. "ఇది బాగా మోత పెడుతుందమ్మా, కానీ హీటరు పనిచెయ్యదు. అదైతే లోపల వెచ్చగా ఉంటుంది, చప్పుడు తక్కువ."

"మీ సారుకు మోతే కావాలి నాయనా. పక్కన పెళ్లాం గడ్డకట్టినా పర్లేదు," అన్నాను.

ముందు మోతది బిగించాడు. షెడ్డు రేకులు అదిరాయి. మావారి ముఖం మా పెళ్లినాడు కూడా అంత వెలగలేదు.

తర్వాత రెండోది బిగించి, నన్ను కారులో కూర్చోబెట్టి ఇంజను ఆన్ చేశాడు. పాదాలకు వెచ్చటి గాలి తగిలింది. ఈసారి పట్టు వదలకూడదనుకున్నాను.

మావారు కారు వెనక నిలబడి సైలెన్సర్ వైపు చెవి వంచారు. కాసేపు ఆగి, "కానివ్వవయ్యా, స్టార్ట్ చెయ్యి," అన్నారు.

మెకానిక్ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయనకు వెటకారం ఎక్కువే.

ఆయన మాత్రం నవ్వలేదు. అలాగే వంగి ఎదురుచూస్తున్నారు. ఇంజను తిరుగుతున్న చప్పుడు లోపల కూర్చున్న నాకు వినపడుతూనే ఉంది.

నేను కారు దిగాను.

"ఆ మొదటిదే బిగించు నాయనా," అన్నాను. "అంతకంటే పెద్ద మోతది దొరికితే ఇంకా మంచిది."