ఉప్పు చూసే మనిషి

“ఆ మనిషి మళ్లీ ఒస్తే నా బాబుకి ఏటైపోద్దో!”

బరంపురం ఆసుపత్రి వార్డులో పుణ్యవతి పైకే అనేసింది.

మంచం మీద కొడుకు ఈశ్వర్ మొహం ఉబ్బి ఉంది. కిడ్నీలు దెబ్బతిని, బీపీ ఎన్ని మందులకూ దిగడం లేదు. ఉప్పు తగలనివ్వద్దని నర్సు ఉషారాణి రోజూ చెబుతూనే ఉంది.

అన్నం వేళకు ఆ మనిషి రానే వచ్చింది. నెరిసిన జుట్టు, చంకలో సంచి. రోగి కాదు, రోగి తాలూకు మనిషీ కాదు. ప్రతి మంచం దగ్గరా క్యారేజీ మూత తీయించి, కూర ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి చూస్తుంది.

“ఏటి తెచ్చినావు సెల్లీ? ఉప్పు సూడనీ.”

“నా బాబు కూడు మీద నీకేటి కన్ను?” పుణ్యవతి క్యారేజీని ఒడిలోకి లాక్కుంది.

“ఎండుసేప వాసనొస్తంది.”

“అయితే? నీళ్లు మార్చి మార్చి కడిగినాను. ఉప్పంతా పోనాది. మార్కండి జాలరోళ్లం, సేపల సంగతి నువ్వు మాకు సెప్పాలా?”

“పోదు సెల్లీ. నా మాటిను, పిల్లడికి ఎట్టకు.”

ఆమె చెయ్యి చాచింది.

“ఇలాగే ఊరందరి కూడూ తిని బతుకుతున్నావేటి? ఏటి మందు కలిపీసి పోతావో!”

కేకలకు వాచ్‌మన్ వచ్చాడు. ఆమె సంచి సర్దుకుని వెళ్లిపోయింది.

“పాపమే అమ్మా,” అన్నాడు ఈశ్వర్.

“నోరు సప్పబడిపోనాదని ఏడిసినోడివి నువ్వే కదా. తిను.”

మర్నాడు ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పుణ్యవతి నర్సు కంట పడకుండా ఎండుచేప కూర కలిపి, నిశ్చింతగా తినిపించింది.

ఆ సాయంత్రమే ఈశ్వర్‌కు ఊపిరి అందలేదు. బీపీ చూసిన ఉషారాణి మొహం మారిపోయింది. స్ట్రెచర్ మీద డయాలసిస్ గదికి తోసుకుపోయారు. తలుపు మూసేశారు.

కాసేపటికి ఉషారాణి వచ్చి క్యారేజీ మూత తీసి వాసన చూసింది.

“దీన్ని జగ్గమ్మ ఉప్పు చూడలేదా?”

“నీళ్లు మార్చి మార్చి కడిగే ఒండినాను దీదీ... ఆవిణ్ణి నానే తగిలేయించినాను. ఆవిడికి జీతమెవులిస్తారు?”

“ఎవరూ ఇవ్వరు.”

“మరి మా కూళ్లతో ఆవిడికేటి పని?”

ఉషారాణి క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. తలుపు వైపు చూసింది.

తర్వాత పుణ్యవతి వైపు తిరిగింది.

“పోయినేడు మీ మంచం మీద ఆవిడ కొడుకు ఉండేవాడమ్మా. ఆవిడా నీలాగే, ఎండుచేపను నీళ్లు మార్చి మార్చి కడిగే తెచ్చేది.”