ఉప్పెననాటి మేక

"నీ వయసెంత?" అన్నాడు జనాభా లెక్కల గుమాస్తా.

"ఉప్పెననాటికి నాలుగేళ్లండి," అన్నాడు చిట్టియ్య. "తాడిచెట్టు మీద అమ్మ చంకలో ఉన్నాను. మా మేక కూడా చెట్టెక్కి నా జుట్టు నమిలిందండి."

తల్లి పోలమ్మ అడ్డొచ్చింది. "రాసుకోకండి బాబూ! వీడు ఉప్పెనొచ్చిన రెండేళ్లకి పుట్టాడు. చంకలో ఉన్నది వీడి అన్న. నా చెయ్యి జారి నీళ్లల్లో పోయాడు. ఆ కథ వింటూ పెరిగాడు వీడు. మాకసలు మేకే లేదండి."

"నేనేనమ్మా! మేక వాసన ఇప్పటికీ గుర్తుంది."

గుమాస్తా విసుక్కున్నాడు. "ముప్పై రాయనా, ముప్పై ఆరా?"

పోలమ్మ కొడుకు వైపు తిరిగింది. "అయితే చెప్పరా, నేను నిన్ను వదిలేశానా?"

"లేదే! తెల్లారేదాకా గట్టిగా పట్టుకునే ఉన్నావు."

పోలమ్మ గుమాస్తా వైపు తిరిగింది.

"ముప్పై ఆరే రాసుకోండి బాబూ," అంది. "మేక ఉండేదండి. నల్లది."