మూతి తిరిగిన దిక్కు

ఓర్వకల్లు దాటాక గుట్టల మధ్య ఉన్న సబ్‌స్టేషన్‌లో ఆ మధ్యాహ్నమే కొత్త లైట్నింగ్ అరెస్టర్ బిగించారు. మనిషికన్నా ఎత్తైన పింగాణీ స్తంభం అది. మీద పడిన పిడుగును నేలలోకి దించుతుంది. తట్టుకోలేక పగిలితే మాత్రం లోపలి మంటంతా స్తంభానికి ఒక పక్కన ఉన్న మూతిలోంచి ఎగజిమ్ముతుంది. అందుకే ఆ మూతిని మనుషులు తిరగని గుట్ట వైపు పెడతారు.

చీకటి పడి, దూరాన మెరుపులు మొదలయ్యాక ఆపరేటర్ ఏసేపు టార్చి పట్టుకుని యార్డులోని బాట మీదికి వచ్చాడు. మూతి బాట వైపు ఉంది. సరిగ్గా తనకు ఎదురుగా.

బిగించిన ఫిట్టర్ వీరభద్రకు ఫోన్ చేశాడు.

"ఏమప్పా, మూతి బాట దిక్కు పెట్టినావే?"

"గుట్ట దిక్కే పెట్టినా గదప్పా! బోల్టులు నా చేత్తోనే బిగించినా."

ఏసేపు బాట దిగి కంచె వారగా నడిచాడు. కాళ్ల కింద కంకర కరకరలాడింది. ఆగాడు. కంకర చప్పుడూ ఆగింది. ఒక్క క్షణం తర్వాత, ఇనుము మీద పింగాణీ ఒరుసుకుంటున్న చప్పుడు కూడా ఆగింది.

టార్చి ఎత్తాడు. మూతి కంచె వైపు ఉంది.

గుట్ట వెనక ఉరిమింది. కంట్రోల్ రూము తలుపు తెరిచి తోటి ఆపరేటర్ రెజీనా కేకేసింది.

"అన్నా, వాన వస్తాండాది. లోపలికి రా!"

పరుగెత్తబోయిన ఏసేపు ఆమెను చూసి ఆగిపోయాడు. తను ఎటు పోతే అది అటే తిరుగుతోంది.

"తలుపేసుకో పాపా," అన్నాడు కదలకుండా. "నేను ఈడే ఉంటా."