ఎన్ని బబ్లూలు?

"ఈడిదాంక నడిచి రావాలంటే నా మోకాళ్లు పోతున్నయ్ టీచరమ్మా. ఆ కొత్త బడైతే మా ఇంటికి నాలుగడుగులే. బబ్లూ టీసీ ఇప్పియ్యి," అంది కాశమ్మ, వరండా స్తంభం పట్టుకుని.

ఎల్‌కేజీ టీచరు రచన మనసులోనే లెక్కేసుకుంది. కాశమ్మ మనవడు పోతే వాడి వెనకాలే స్వీటీ పోతుంది, స్వీటీ వెంట నందు పోతాడు. ఇంకో ముగ్గురు తగ్గితే ఎల్‌కేజీ ఎత్తేస్తామని హెడ్మాస్టరు ముందే చెప్పి పెట్టాడు. ఎల్‌కేజీ లేకపోతే రచనా లేదు.

అసలు సంగతి మోకాళ్లు కావని ఆమెకు తెలుసు. కొత్త బడిలో పిల్లలకు టై కడతారు, చేతికి పలక ఇస్తారు. ఇక్కడ చూస్తే బబ్లూ నేల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"గిదేంది? పోరనికి జెరమొచ్చిందా?"

"లేదవ్వా. వాడే కొలబద్ద. వరండా ఎన్ని బబ్లూల పొడుగుందో చూస్తున్నం."

కాశమ్మ తెరిచిన నోరు మూయడం మరిచిపోయింది. స్వీటీ బబ్లూ తల దగ్గర సుద్దముక్కతో గీత గీసింది. వాడు లేచి, ఆ గీత మీద మడమలు ఆనించి, మళ్లీ కట్టెలా పడుకున్నాడు. పిల్లలందరూ పది అని అరవగానే నందు డబ్బాలోంచి ఒక చింతగింజ తీసి వాడి జేబులో వేశాడు. పది దాటితే ఎవరికీ లెక్క రాదు. అందుకే పదికొక గింజ.

"నాయినమ్మా, జర జరుగు. నా జాగల నిలవడ్డవ్," అన్నాడు బబ్లూ, పడుకునే.

హెడ్మాస్టరు గదిలో చాలాసేపే పట్టింది. ఆయన కాశమ్మను కూర్చోబెట్టి బతిమాలాడు, మధ్యమధ్యలో రచన వంక కొరకొరా చూశాడు. కాశమ్మ మోకాళ్ల మీద చేతులు వేసుకుని ఒకటే మాట మీద నిలబడింది. ఆ బడి దగ్గర, ఈ బడి దూరం. ఆమె ఇల్లు ఎక్కడో తెలియని రచన గోడకు ఆనుకుని గోళ్లు గిల్లుకుంది. చివరికి ఆయన టీసీ రాసి, ముద్ర గుద్ది ఇచ్చాడు.

బయటికి వచ్చేసరికి వరండాలో బబ్లూ లేడు. చింతగింజల డబ్బా కూడా లేదు. ఆయమ్మ నల్లా దగ్గర పిల్లల చేతులు కడుగుతోంది. గేటు ఓరగా తెరిచి ఉంది.

 రచన స్వీటీని పట్టుకుని బబ్లూ ఎక్కడని అడిగింది.

"కొలవనీకె పోయిండు టీచర్. నేనొస్తనంటే వద్దన్నడు. నువ్వు పొట్టిదానివి, లెక్క తప్పుతది అన్నడు."

గేటు బయట రోడ్డు మీద తెల్లటి సుద్దగీత కనిపించింది. దాని తర్వాత ఒక బబ్లూ దూరంలో ఇంకొకటి. రచన పరుగెత్తింది. మోకాళ్ల సంగతి మరిచిపోయి కాశమ్మ ఆమెకన్నా ముందు ఉరికింది, పోరన్ని రోడ్డు మీద పండబెట్టే చదువు ఏడ చూడలేదని తిట్టుకుంటూ.

హోటల్ ముందు చాయ్ తాగుతున్న ఒకాయన గ్లాసుతోనే దారి చూపించాడు. లేపితే లేవడం లేదట. పడుకుంటున్నాడు, లేస్తున్నాడు, మళ్లీ పడుకుంటున్నాడట.

"ఇంటికే పోయి ఉంటడు. గిదే మా ఇల్లు," అంటూ కాశమ్మ ఒక నీలం తలుపు ముందు ఆగింది. తలుపుకు తాళం వేసే ఉంది. గడప ముందు సుద్దతో పెద్ద సున్నా చుట్టి ఉంది. సున్నా తర్వాత గీతలు మళ్లీ మొదలయ్యాయి.

రచన వెనక్కి తిరిగి చూసింది. బడి గేటు అక్కడే కనిపిస్తోంది. తనకింకా ఆయాసమైనా రాలేదు. కాశమ్మ ఆమె కళ్లలోకి చూడకుండా గబగబా ముందుకు నడిచింది.

గీతల వెంట పోతూ ఉంటే గల్లీ అయిపోయింది. మాదన్నపేట మార్కెట్ వైపు మలుపు తిరగగానే ఒక ఆటో అడ్డంగా నిలబెట్టి ఉంది. దాని వెనక స్కూటర్లు, కూరగాయల బండ్లు, పాలవాళ్ల బర్రెలు ఆగి ఉన్నాయి. ఒక్కరూ హారన్ కొట్టడం లేదు. అందరూ లెక్కపెడుతున్నారు. ఒకరు ఉర్దూలో సాత్ అంటే ఇంకొకరు తెలుగులో ఎనిమిది అంటున్నారు. నడిరోడ్డు మీద దుమ్ము కొట్టుకుని బబ్లూ పడుకుని ఉన్నాడు. ఒక బర్రె వాడి జుట్టు వాసన చూస్తోంది.

కాశమ్మ చెయ్యెత్తి మీదికి పోబోయింది. ఆ ఆటో నడిపే నగేష్ రెండు చేతులూ చాపి ఆపాడు.

"అమ్మా, జర ఆగు. మధ్యల లేపితే మళ్ల బడి కాడికెల్లి కొలుస్తడట. గట్లైతే పొద్దూకేదాంక మాకు గిరాకి ఉండది."

పది అని బజారంతా అరిచింది. రచన తనకు తెలియకుండానే వాళ్లతో గొంతు కలిపింది. బబ్లూ లేచి డబ్బాలోంచి గింజ తీసి కుడి జేబులో వేసుకున్నాడు. ఇల్లు వచ్చేదాకా వేసుకున్న ఎడమ జేబులో నాలుగు గింజలుంటే ఎక్కువ. ఇల్లు దాటాక మొదలుపెట్టిన కుడి జేబు మాత్రం బూరెలా ఉబ్బి ఉంది.

ఎత్తిన చేత్తోనే కాశమ్మ వాడి మొహం మీది దుమ్ము తుడిచింది. "ఇల్లు దాటి ఎటు పోతున్నవ్ రా? ఏం కొలుస్తున్నవ్ నువ్వు?"

బబ్లూ ఖాళీ డబ్బా బోర్లించి ఆమెకు చూపించాడు. "నాలుగడుగులే అన్నవ్ గదా నాయినమ్మా? గింజలన్నీ అయిపోయినయ్, నీ కొత్త బడి ఇంకా రాలే."