ముందు ఆవిడకి

తోడికోడలు నూకరత్నం వండిన నెత్తళ్ల చేపల పులుసులో చింతపండు ఎక్కువైందని వరహాలమ్మ అన్నప్పటి నుంచి, నూకరత్నం ఆమెతో మాట్లాడటం లేదు. అనకాపల్లిలో కలిసి ఉంటున్న ఒక్క ఫ్లాటులోనే ఇద్దరూ వేరువేరుగా వండి వడ్డించే ఏఐ ఏజెంట్లు పెట్టించుకున్నారు. ఒకే ఇంట్లో రెండు ఏజెంట్లుంటే, అవి ఎన్నటికీ ఒకదానికొకటి అడ్డుపడవని ముందే రుజువు కావాలి. అంతవరకూ పొయ్యి వెలగదు.

రుజువు చూడటానికి కంపెనీ నుంచి వచ్చిన షాహీన్ తెర మీద ఎర్రగీత చూసి తల పట్టుకుంది.

"ఏటైందమ్మా?" అంది వరహాలమ్మ.

"ఇలాగైతే ఈ ఇంట్లో ఎవరికీ అన్నం అందదండీ. నూకరత్నంగారు తిన్నాకే మీకు పెట్టమని మీ ఏజెంటుకి మీరు చెప్పారు. మీరు తిన్నాకే తనకి పెట్టమని ఆవిడా తన ఏజెంటుకి చెప్పారు. ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఉండిపోతాయి. ఎవరో ఒకరు మార్చుకోవాలి."

వరహాలమ్మ గోడవైపు తిరిగింది. "దానికి షుగరు. ఆకలికి ఆగలేదు. నాను మార్చను."

నూకరత్నం షాహీన్‌నే చూస్తూ అంది. "పెద్దావిడ తినకుండా నానెప్పుడు తిన్నాను? నానూ మార్చను."

షాహీన్ తెర మూసేయబోయింది.

"ఇద్దరికీ ఒక్కపాలే, ఒకే టైముకి పెట్టమని రాసీమ్మా," అంది వరహాలమ్మ చివరికి.

గీత పచ్చబడింది. నూకరత్నం కంచాలు తెచ్చి పక్కన కూర్చుంది.

"జరుగక్కా."

వరహాలమ్మ జరిగింది. "పులుసు మాత్రం నీ ఏజెంటునే వండమను," అంది.