పరీక్షలో ఆగని లోకల్

"ఫాస్ట్ మ్యాథ్స్ సెక్షన్‌కి ఎనభై రావాలి. మీ రజినికి డెబ్బై తొమ్మిది," అన్నారు ప్రిన్సిపాల్ మూర్తి, ఆ ఒక్క మార్కు వదిలేస్తే దేశంలో గణితం కుప్పకూలిపోతుందన్నట్టు.

రైలు గార్డు జగన్నాథం కూతురి జవాబు పత్రం అందుకున్నాడు. పదింటికి బిలాస్‌పూర్‌లో బయల్దేరిన లోకల్, గంటకు ముప్ఫై రెండు కిలోమీటర్ల వేగంతో, పదహారు కిలోమీటర్ల దూరంలోని బిల్హాకి ఎప్పుడు చేరుతుంది? పది ముప్ఫై నాలుగుకని రాసింది రజిని.

"పదిన్నర రావాలి," అన్నారు మూర్తి.

"ఎలగొస్తాదండీ? మధ్యలో దాధాపారా, చకర్‌భాఠా ఉన్నాయి కదా. రెండేసి నిమిషాలు ఆగుతాది."

"పరీక్షలో రైలు ఆగదండీ."

"అచ్ఛా! మరి జనాలు ఏటి సేస్తారు, దూకేస్తారా?"

మూర్తి లెక్కల టీచరు సౌభాగ్య వైపు తిరిగారు. "మీరు చెప్పండి మేడమ్. పేపరు మీదే కదా."

భర్త చనిపోయిన నెలలో ఆమె తయారుచేసిన పేపరది. ఆయనా ఆ లోకల్‌కే గార్డు. తిరుగు ప్రయాణంలో రైలు చకర్‌భాఠాలో ఆగగానే ఇంటికి ఫోన్ చేసేవాడు, కుక్కర్ పెట్టమని.

ఆమె ఎర్ర పెన్ను తీసి డెబ్బై తొమ్మిదిని ఎనభై చేసింది.

"మేడమ్! మిగతా పిల్లలంతా పదిన్నరే రాశారు."

"వాళ్ల మార్కులు అలాగే ఉంచండి సార్. రైలు ఆగదని ప్రశ్నలో నేను రాయలేదు. ఆగుతుందని మరిచిపోయాను, అంతే."