నరాల తగువు

"నరాలు మిగల్చడం కుదరదు," అన్నాడు సర్జన్ ఫెల్గేట్, స్కాన్ బొమ్మ మీంచి చూపు తిప్పకుండా. "గ్రంథితో పాటు వాటినీ తీసేస్తాం. క్యాన్సర్ పోవడం ముఖ్యం."

"అదొక్కటే ముఖ్యమా?" గ్లెనిస్ స్టాబ్లర్ కుర్చీ ముందుకు లాక్కుంది.

పక్కన కూర్చున్న ఆమె భర్త రాయ్ తన బూట్ల వంక చూసుకున్నాడు. అరవై ఒకటో ఏట ప్రోస్టేట్ క్యాన్సర్ అన్న మాటకే గుండె సగం జారింది. ఇప్పుడీ నరాల మాట. అవి పోతే ఏం పోతుందో గదిలో ముగ్గురికీ తెలుసు. పైకి అనడానికే నోరు రావడం లేదు.

గ్లెనిస్‌కి వచ్చింది. "అంటే ఇక ఈయన ఆడదాని పక్కన పడుకుని పైకప్పు చూస్తూ ఉండాలి. అంతేగా?"

"గ్లెనిస్!" రాయ్ చెవులు వేడెక్కాయి.

"నువ్వు నోరు మూసుకో." సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద కొట్టింది. "నగరంలోని పెద్దాసుపత్రిలో, రోగి ఇంకా మత్తులో ఉండగానే, తీసిన గ్రంథి అంచుల్ని ల్యాబ్‌లో పరీక్ష చేస్తారట. అంచుల్లో క్యాన్సర్ లేకపోతే నరాల జోలికి పోరట. అదీ సర్కారు వారి ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రే, ఇదీ ఎన్‌హెచ్‌ఎస్సే. అక్కడి రోగులేమన్నా రాజుగారి బిడ్డలా?"

"ఆ సదుపాయం ఇక్కడ లేదు."

"లేదని తెలిసే అడుగుతున్నా. అక్కడికి పంపండి."

"అది మన పరిధి కాదు. పైగా ఈ వయసులో..."

"మీ వయసెంత, డాక్టర్?"

ఫెల్గేట్ పెన్ను కింద పెట్టాడు. "మిసెస్ స్టాబ్లర్, మర్యాదగా మాట్లాడండి."

"యాభై ఎనిమిదా, తొమ్మిదా? మీ నరాలు తీసేస్తామంటే ఇంత మర్యాదగా ఊరుకుంటారా? ఈయన పదహారో ఏట చేపల రేవులో చేరాడు. అప్పట్నుంచీ ఈ సర్కారు వైద్యం పేరు చెప్పి జీతంలో కోస్తూనే ఉన్నారు. ఇప్పుడు మిగిలింది కూడా కోస్తారా?"

నర్సు తలుపు తీసి తొంగి చూసింది. గ్లెనిస్ చూపు తగిలి మళ్లీ మూసేసింది.

"ఇలా అరిస్తే బయటికి పంపాల్సొస్తుంది."

"పంపండి. సరాసరి ఫిర్యాదుల ఆఫీసుకి పోతా. అక్కణ్ణుంచి ఎంపీ దగ్గరికి. రెండో డాక్టరుకి చూపించుకుంటామంటే వద్దన్న సర్జన్ పేరు స్పెల్లింగుతో సహా రాసిస్తా. ఫెల్గేట్ అంటే ఒక ఎల్లా, రెండా?"

ఫెల్గేట్ మెడ కందిపోయింది. కీబోర్డు మీద పగబట్టినట్టు పొడుస్తూ ఉత్తరం టైపు చేశాడు. దాని నకలు ఆమె ముందుకు విసిరాడు. "పంపించాను. వాళ్లు చేర్చుకుంటారని హామీ లేదు. చేర్చుకున్నా నరాలు మిగులుతాయన్న హామీ అంతకన్నా లేదు."

"హామీ ఎవరడిగారు? దారి అడిగాను." ఆమె లేచింది.

కార్ పార్కులో సముద్రపు గాలి మొహానికి కొడుతోంది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆమె తన కోసం ఇలా కొట్లాడటం రాయ్ ఎన్నడూ చూడలేదు. చెయ్యి పట్టుకోబోతే ఆమె లాక్కుంది.

"ఇంత చేశావు నాకు," అన్నాడు. "నేను దీనికి తగినవాణ్ణి కాదు, గ్లెనిస్."

"కాదు," అంటూ ఆ ఉత్తరం మడిచి అతని కోటు జేబులో కుక్కింది. "అక్కడికి నువ్వు తగులుకున్న ఆ లోరెయిన్‌ని వెంటబెట్టుకెళ్లు. పనికిరావని అది నిన్ను తెచ్చి మళ్లీ నా గుమ్మంలో దింపకూడదు కదా!"